అన్న నారింజ లాప్‌టాప్

సెప్టెంబర్ 27, శనివారం
సాయంత్రం అమ్మ మళ్లీ వచ్చి కూర్చుంది. అన్న లాప్‌టాప్ తెరిచి వాడి గొంతు వినిపించాను. "మా, అన్నం తింటివా?" అంతే... మైకు పనిచేస్తుందో లేదో చూడ్డానికి వాడు పలికిన మాట. "తింటి నాయనా" అంది అమ్మ, రోజూలాగే. వాడు పోయి రెండేళ్లు దాటింది. ఫోనులోకి ఎక్కిస్తానంటే ఒప్పుకోదు. "వాన్ని ఈన్నే ఉండనీమే."

సెప్టెంబర్ 29, సోమవారం
లాప్‌టాప్‌ను తుడిచాను. నిగనిగలాడే నారింజ రంగు, గుండ్రటి అంచులు, పట్టుకోవడానికి పిడి. బెంగళూరులో పాతసామాన్ల అంగట్లో కొన్నాడు. "ఏమప్పా, ఇది పిల్లోల్ల టిఫిన్ డబ్బానా?" అని ఊరంతా నవ్వింది. సోమందేపల్లె దగ్గర లారీ గుద్దినప్పుడు వాడి సంచిలో ఇదే ఉంది. మూలన ఒక గీత పడింది. అంతే! ఏం వేసి చేశారో మహానుభావులు. అన్న మాత్రం ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు.

అక్టోబర్ 1, బుధవారం
ఆయుధపూజ. కొడవలి, పురుగుమందు కొట్టే డబ్బా, కుట్టుమిషను — వాటి పక్కన లాప్‌టాప్‌నూ పెట్టింది అమ్మ. విభూతి, కుంకుమ, బంతిపూలు. నేను పొయ్యి దగ్గరున్నాను. "దేవుని ముందర మూసి పెడ్తారామే?" అంటూ తెరిచింది. టెంకాయ కొట్టి, ఆ నీళ్లు అన్నిటి మీదా చల్లినట్టే దాని మీదా చల్లింది. పరుగెత్తుకొచ్చేసరికి మీటల సందుల్లోకి దిగిపోయాయి. కొడవలికి ఏమీ కానిది దీనికి మాత్రం ఎందుకవుతుంది అనుకుంది. పాపం, అమ్మకేం తెలుసు.

అక్టోబర్ 2
వెలగలేదు.

అక్టోబర్ 3
వినడానికి అమ్మ వచ్చి కూర్చుంటే "కరెంటు లేదు మా" అన్నాను. తలపైన ఫ్యాను తిరుగుతోంది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, లేచి వెళ్లింది.

అక్టోబర్ 6, సోమవారం
అనంతపురం. రిపేరు షాపాయన దాన్ని చేత్తో ఎత్తి మురిసిపోయాడు. "యాడిదక్కా ఇది? ఇంత గట్టి సామాను ఇప్పుడెవురు చేస్తాండారు?" తర్వాత మొహం మారింది. లోపలికి నీళ్లు పోయాయట. అన్న గొంతు ఉన్న డిస్కు తీయాలంటే మొత్తం విప్పాలి, పాత ప్లాస్టిక్కు పగిలిపోవచ్చు. అప్పటికీ డిస్కు బతికుంటుందని నమ్మకం లేదు. "నువ్వు ఊ అంటేనే విప్పుతా. ఆలోచించుకో." అక్కడే వదిలి వచ్చాను. బస్సులో ఏడుపు ఆగలేదు.

అక్టోబర్ 7
విప్పాలని మాత్రం అమ్మకు చెప్పాను. ఎలా చెడిందో చెప్పలేదు, చచ్చినా చెప్పను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెద్దాసుపత్రిలో పోస్టుమార్టమని వాన్ని కోసి, కుట్టిచ్చిరి. ఆ పొద్దు నన్నెవురూ అడగల్యా. ఇప్పుడు అడుగుతాండావు గదా... వద్దు. కొయ్యొద్దు."
నాకు ఆ గొంతు కావాలి. వాడు అమ్మకు కొడుకైతే నాకు అన్న కదా!
ఇంతలో షాపు నుంచి ఫోను.
"ఏమక్కా, విప్పేదా?"
అమ్మ గడపలోనే ఉంది. వింటోంది.