డీజిలని ఎందుకు రాశానంటే

మా వారికి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అత్తయ్య, పాప కులాసా. నేనూ పైకి కులాసాగానే కనిపిస్తున్నాను. ఆ కొండమీద మీరు వేళకింత తిని, చెవులకు గుడ్డ కట్టుకుని, ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. మందుకు తగ్గిందో, మేడ మెట్లు ఎక్కడం మానేసినందుకు తగ్గిందో ఆవిడే చెప్పలేకపోతున్నారు. షెడ్డు మీద చిల్లు పడ్డ రేకు మార్పించాను. ఇక వాన వచ్చినప్పుడల్లా పనిముట్ల మీద పట్టా కప్పే బాధ లేదు. పాపకు ముందరి పన్ను ఊడింది. "నాన్న పళ్ళు చూసి ఆవు వయసు చెబుతాడు కదా, నాది కూడా చెప్పమను" అని పట్టుబట్టింది. చిన్న డబ్బాలో పెట్టి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. తప్పకుండా జవాబు రాయండి. రోజూ అడుగుతోంది.

ఇక బండి సంగతి.

రెండు నెలల కిందట మీరు రాశారు: మీ పశువైద్యశాలకు కొత్త జీపు ఇస్తున్నారని, రోడ్డు లేని చోట నాలుగు చక్రాలూ లాగే రకమని, పెట్రోలు ఇంజనా డీజిల్ ఇంజనా అన్నది మిమ్మల్నే తేల్చుకోమన్నారని. "నువ్వు ఏది చెబితే అది" అన్నారు. ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. "మా డ్రైవరు మాత్రం పెట్రోలే అంటోంది" అని రాశారు.

అంటోంది! మీ డ్రైవరు ఆడమనిషన్న సంగతి నాకు ఆ ఒక్క అక్షరం వల్ల తెలిసింది. అయిదు నెలలుగా ఆ జీపులో తిరుగుతూ అంతవరకు ఒక్క ముక్క రాయలేదు మీరు. ఒకసారి రాయడం మొదలుపెట్టాక మాత్రం ఆపలేదు. అక్కడ అందరూ ఆవిడను జీపమ్మ అంటారట. వాగులో చక్రం కూరుకుపోతే ఒక్కతే దిగి లాగించేస్తుందట. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తుందట. లెక్కపెట్టాను. ఆ ఉత్తరంలో జీపమ్మ ప్రస్తావన తొమ్మిదిసార్లు వచ్చింది. పాప ఊసు రెండుసార్లు. అత్తయ్య ఊసు ఒకసారి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న ఈ షెడ్డు నా చేతిలో పెట్టి పదహారేళ్ళయింది. అప్పటినుంచీ డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తూనే ఉన్నాను. చప్పుడు విని జబ్బు చెప్పడం నాకు కొత్త విద్యా? ఒక్కసారైనా ఆ మాట నా గురించి ఎవరితోనైనా అన్నారా అని, చేతిలో పానా పట్టుకుని నాలో నేనే గొణుక్కున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని డీజిలే తీసుకోండని నాలుగు పేజీలు రాశాను. బరువుతో నిట్టనిలువు ఎక్కేటప్పుడు డీజిల్ ఇంజను లాగినట్టు పెట్రోలు ఇంజను లాగదని, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతుందని, వాగు నీళ్ళు తగిలినా పెట్రోలు ఇంజనులోలా నిప్పురవ్వ ఆరిపోతుందన్న భయం లేదని. అవన్నీ నిజాలే.

ఇవాళ పొద్దున షెడ్డు ముందు ఒక పాత జీపు ఆగింది. చక్రాల నిండా ఎర్రమట్టి. డ్రైవరు దిగి, తలగుడ్డ విప్పి, "డాక్టరుగారి ఇంటావిడ మీరేనాండీ?" అంది.

ఎవరో అడగక్కర్లేకపోయింది. అందంగా ఉండదేమోనని ఇన్నాళ్ళూ ఆశపడ్డాను. చక్కగానే ఉంది. ముప్ఫై దాటి ఉండవు. గోళ్ళలో నా గోళ్ళలో ఉన్నంత నూనె నలుపు. పాత జీపుకు హీటరు ప్లగ్గులు కావాలని వచ్చింది. పొద్దున చల్లబడిన ఇంజనును వేడిచేసే ఆ ప్లగ్గులు అన్నీ కాలిపోయాయట.

నేను ప్లగ్గులు వెతికే లోపలే అత్తయ్య ఆవిడను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టేశారు. టీ ఇచ్చారు. "మా వాడు వేళకు తింటున్నాడా తల్లీ?" అని అడిగారు.

"ఆకలేస్తే చెప్పరండీ. ఊరికే చిరాకు పడతారు. అప్పుడు నేనే బండి పక్కన ఆపి తినమంటా" అంది.

అది నాకు అర్థం కావడానికి పెళ్ళయ్యాక మూడేళ్ళు పట్టింది. ఆవిడకు కొన్ని నెలలే సరిపోయాయి. పైగా అత్తయ్య నావైపు తిరిగి, "ఎంత బుద్ధిమంతురాలో చూడు" అన్నారు. నేను టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేశాను. ఎందుకో అత్తయ్యకు తెలియదు, మీకు తెలియాలి.

షెడ్డులోకి తిరిగొచ్చాక ఆవిడ కాసేపు తటపటాయించి, "అక్కా, ఒకటడుగుతా, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం సార్ మీటింగులో చదివారు" అంది.

"ఏ ఉత్తరం?"

"బండి గురించి రాసింది. నాలుగు పేజీలూ చదివారు. నేను మధ్యలో చెప్పబోతే, 'నువ్వు బండి నడుపుతావు, మా ఆవిడ చచ్చిన ఇంజనుకు ప్రాణం పోస్తుంది. ఈ విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు' అన్నారు. ఇంకెవరూ నోరెత్తలేదు."

చేతిలోని ప్లగ్గుల డబ్బా బల్లమీద పెట్టాను.

"ఆ ముందురోజే ఒకటి జరిగిందక్కా. తెల్లవారుతూనే కబురొచ్చింది, కొండ పైన మేతబీడు దగ్గర ఆవు ఈనలేక అవస్థ పడుతోందని. అక్కడి చలికి డీజిల్ చిక్కబడిపోయి జీపు లేవలేదు. ట్యాంకు మీద, గొట్టాల మీద వేడినీళ్ళు పోశాం. రెండు గంటలు అక్కడే గడిచిపోయింది. మేం వెళ్ళేసరికి ఆవూ పోయింది, కడుపులో దూడా పోయింది. అంత జరిగాక కూడా మర్నాడు మీ మాటే పట్టుకున్నారు. 'ఇక్కడి చలి గురించి ఆవిడకు రాశాను, అన్నీ ఆలోచించే చెప్పుంటుంది' అన్నారు." ఆవిడ నా ముఖంలోకి చూసింది. "అందుకే ప్లగ్గుల వంకతో నేనే వచ్చా. చలికి డీజిల్ గడ్డకట్టకుండా నాకు తెలియని కిటుకేదో మీకు తెలిసుంటుంది. చెబితే నేర్చుకుంటా."

పోట్లాడటానికి వచ్చి ఉంటే నాకు బాగుండేది. గట్టిగా ఎదురు చెప్పేదాన్ని. ఆవిడ నేర్చుకోవడానికి వచ్చింది.

"కిటుకేమీ లేదు" అన్నాను. "పెట్రోలే సరైనది. నువ్వు చెప్పిందే సరైనది."

"మరి సార్‌కి అలా..."

"సార్‌కి నేను రాస్తాను."

ప్లగ్గులు తీసుకుని జీపు దగ్గరకు వెళ్ళిపోయింది.

ఏమండీ, నాకు ముందే తెలుసు. బకెట్లో నీళ్ళు పొద్దునకల్లా గడ్డకడుతున్నాయని, చలికి తట్టుకునే రకం డీజిల్ అక్కడ దొరకదని, డ్రమ్ముల్లో ఏది వస్తే అదే పొయ్యాలని మీరే రాశారు. అలాంటి చోట పెట్రోలు బండే ఉండాలని చెప్పడానికి పదహారేళ్ళ అనుభవం కూడా అక్కర్లేదు. ఆ ఉత్తరంలో మూడో పేజీ నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి "మీ చలికి మాత్రం పెట్రోలే మేలు" అని రాశాను. చదువుకున్నాను. అది జీపమ్మ మాటలా వినిపించింది. ఆ కాగితం చింపి పొయ్యిలో పడేసి, ఆ మాట లేకుండా మళ్ళీ రాశాను. పొరపాటు కాదండీ. చేతులారా చేసిన పని.

ఎందుకంటే మీ ఉత్తరంలో కింద, సంతకానికి పైన, ఒక వాక్యం ఉంది: "జీపమ్మ నాకు డ్రైవింగు నేర్పుతోంది, వాలులో కూడా నడిపేశాను." మీరు దాన్ని తేలిగ్గా రాశారు. పెళ్ళయిన కొత్తలో బడి వెనక మైదానంలో రెండురోజులు నేను మీకు నేర్పలేదా? హ్యాండుబ్రేకు వేసే ఉంచి బండి కదలడంలేదని నామీద విసుక్కున్నారు. మూడోరోజు, "నీ దగ్గర నేర్చుకుంటే కాపురం నిలవదు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నేళ్ళూ ఇంటి బండి నేనే నడిపాను, పక్కన మీరు కూర్చున్నారు. నాకు అదే ఇష్టంగా ఉండేది. ఆ వాక్యం చదివాక ఆ పక్కసీటు ఖాళీ అయినట్టనిపించింది. ఆవిడమీద అనుమానం కాదు, మీమీదా కాదు. కుళ్ళు. దానికి ఇంకో మంచిపేరు నాకు దొరకలేదు.

చనిపోయిన ఆవు విషయంలో తప్పు పాత జీపుది. నాకు తెలుసు. కానీ కొత్త జీపు కూడా డీజిలే అయితే వచ్చే చలికాలంలో పోయే ప్రాణాలకు నేనే బాధ్యురాలినవుతాను. శుక్రవారం కొత్త జీపు కాగితాలు వెళ్ళిపోతాయని జీపమ్మ చెప్పింది. మీ కొండకు ఫోను పలకదు. అందుకని ఈ ఉత్తరం జీపమ్మతోనే పంపుతున్నాను. పెట్రోలని రాయండి. ఆ ఎత్తులో దానికి కొంచెం ఊపిరి ఆడదు, లాగడంలేదని కంగారు పడకుండా చిన్న గేరులో ఎక్కించండి. వాగులో దిగేముందు వైర్లమీద రబ్బరు గుడ్డ కప్పండి. మిగతావి ఆవిడకు తెలుసు. మీటింగులో అడిగితే మా ఆవిడ తప్పు చెప్పిందని చెప్పండి. నన్ను కాపాడటానికి పొరబడిందని మాత్రం అనకండి.

నామీద మీకు కోపం రావాలి. వస్తే దాచుకోకుండా రాయండి. మీటింగులో నా గురించి అన్న ఆ మాటలు ఎప్పుడో ఒకసారి నాతోనే అని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇది సాకు కాదు, ఫిర్యాదు.

ఈ ఉత్తరం షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. జీపమ్మ బానెట్టు ఎత్తి ప్లగ్గులు తనే బిగించుకుంటోంది. చెయ్యి మంచిది, తొందరపడదు, ఒప్పుకోవాలి. ఒప్పుకుంటుంటే కూడా ఆ కుళ్ళు పోలేదు. ఇప్పుడే వచ్చి, "అయిందా అక్కా? ఎండ ఉండగానే బయల్దేరితే మంచిది" అంది. కవరు అంటించకుండానే ఆవిడ చేతికిస్తున్నాను. దారిలో విప్పి చదువుకుంటే చదువుకోనీ. ఆవిడతో ముఖాముఖి చెప్పాల్సింది సగం ఇందులోనే ఉంది, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇట్లు,
అలిగే హక్కు పోగొట్టుకుని కూడా ఇంకా అలిగే ఉన్న
మీ ఇల్లాలు