అక్కడైతే

మావా,

ఇంజను చెడి శ్రీలంక ఒడ్డుకు కొట్టుకుపోయి, అక్కడి జాలరి ఇంట్లో నెల్లాళ్ళుండి వచ్చాక నీకు ఒకటే పాట. "ఆళ్ళూ మనలాంటి పేదోళ్ళేనే. కానీ అక్కడైతే కడుపుతో ఉన్నదాని ఇంటికి నర్సమ్మే వచ్చుద్ది. అక్కడైతే వలలు బాగుచేసే ఆడమనిషి కూడా పేపరు సదువుద్ది." అన్నం పెడుతున్నా అదే, నీళ్ళ బిందె దించుతున్నా అదే. ఒకరోజు ఒళ్ళు మండి, "అంత బాగుంటే అక్కడే ఉండిపోకపోయావా?" అన్నాను.

ఆ వారమే గిలకలదిండి రేవు నుంచి వేటకెళ్ళావు. నువ్వూ రాలేదు, బోటూ దొరకలేదు.

నువ్వొచ్చేసరికి పేపరు చదివి నీ నోరు మూయించాలని, పంతం కొద్దీ అక్షరాలు నేర్చుకున్నాను.

నువ్వు కనపడక ఏడేళ్ళయిందని ఇవాళ బందరు మత్స్యశాఖ ఆఫీసుకు పిలిచారు. గుమాస్తా ఒక కాగితం పెట్టి, "వేలిముద్ర వేయమ్మా" అని సిరా ప్యాడు జరిపాడు.

"చదివి సంతకం పెడతానండీ" అన్నాను.

కూడబలుక్కుంటూ చదివాను. నీ పేరు ఉంది. మీ నాన్న పేరు ఉంది. ఆ కింద, సముద్రంలో మరణించినట్లు అని ఉంది. వేలిముద్ర వేసేదాన్నయితే నాకు తెలిసేదే కాదు.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. సర్కారు ఇచ్చే డబ్బు కాలదన్నుకున్నానని మీ అన్నయ్య ఇంకా తిడుతూనే ఉన్నాడు. బిందె దించుతుంటే వెనక నుంచి నీ గొంతు, "అక్కడైతే..." అని.

నా మాట ఏనాడూ వినలేదు నువ్వు. ఆవేళ ఒళ్ళు మండి అన్న ఆ ఒక్కటీ విని ఉంటే చాలు మావా.