రూపాయికి ఒక పైసా

కోస్గి,
కార్తీకమాసం, ఆదివారం.

చిరంజీవి కృష్ణకాంత్‌కు అమ్మ అండాలు దీవించి రాస్తున్నది.

స్వామి దయ వల్ల నేనూ మీ బాపూ బాగానే ఉన్నాము. నువ్వు కూడా వేళకు ఇంత తిని, కంటినిండా నిద్రపోతున్నావని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపే "వినపడతలేదమ్మా, జర గట్టిగ మాట్లాడు" అంటావు. నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదు, నీకు తెలుసు. పైగా నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో ఉంటుంది, చుట్టూ నలుగురు ఉంటారు. నేను చెప్పబోయేది ఆ నలుగురికి కాదు. నీ మేనేజర్ సాల్మన్ ఈ సాయంత్రం బస్సుకు హైదరాబాద్ బయలుదేరుతున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను. నిన్న గుట్ట మీది గుడిలో జరిగింది నా ఉత్తరం చదివేదాకా నీకు చెప్పవద్దని అతని దగ్గర మాట తీసుకున్నాను. అతన్ని కోప్పడకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తాను. మీ బాపు మోకాలు కొంచెం నయం. కొట్టులో స్టూలు ఎక్కి పై అరలోని చీరలు తీస్తున్నాడు, దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. మన కంది పూత మీద ఉంది. రెండు రోజులుగా మబ్బు పట్టింది, పురుగు పడుతుందేమోనని ఆయనకు దిగులు.

నువ్వు తీసిన రెండో భాగం సినిమాలో జనం ఎక్కడెక్కడ నవ్వారో చూసి చెప్పమన్నావు. పక్కింటి మల్లీశ్వరిని తోడు తీసుకొని మ్యాట్నీకి పోయాను. ఉన్నదున్నట్టు రాస్తాను. ఓడ మీద ఫైటు వచ్చినప్పుడు ఈలలు వేశారు. బస్సు పేలినప్పుడు చెవులు మూసుకున్నారు. నవ్వింది మాత్రం ఒక్క చోట. హీరోను చంపడానికి వచ్చిన రౌడీలకు హీరో అమ్మ పచ్చిపులుసు పోసి, "తిన్నంక కొట్టుకోన్రి" అంటుంది చూడు, అక్కడ. హాలంతా నవ్వారు, మల్లీశ్వరి అయితే కండ్లు తుడుచుకుంది. ఆ ఒక్క సీను మన వంటింట్లో తీశావు. దానికి నీకైన ఖర్చు చింతపండు.

మొదటి భాగమంతా అట్లాగే తీశావు. మన అంగడి, మన మనుషులు, పలుపుతాళ్లతో ఫైటు. కోటి రూపాయలతో అయిపోయి మూడు కోట్లు చేతికొచ్చాయి. రెండో భాగానికి మూడు అనుకున్నది ఏడు అయింది. చెన్నై ఫైట్ మాస్టర్, ఓడ సెట్టు, పేల్చిన బండ్లు. హీరో ఒక్కడికి ఇచ్చిందే మొదటి భాగం మొత్తం ఖర్చుకు రెండింతలు. నిన్ను తప్పుపట్టడం లేదు నాయనా. "రెండోది మొదటిదానికంటె పెద్దగుండాలమ్మా" అని నువ్వన్నప్పుడు నేనూ తల ఊపినదాన్నే.

ఈ వ్యాపారం మాటలు నువ్వు నేర్పినవే. టికెట్ల మీద వచ్చిన డబ్బంతా గ్రాస్. పన్ను, హాలు కిరాయి, పోస్టర్ల ఖర్చు పోగా మన చేతికి వచ్చేది షేర్. మనలాంటి సినిమాకు మూడో వంతు మిగిలితే గొప్ప అన్నావు. మొన్న ఫోన్‌లో "గ్రాస్ పన్నెండు కోట్లు, షేర్ నాలుగు" అని చెప్పిన నీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. ఏడు పోసి నాలుగు తెచ్చుకున్నాము. మిగిలిన మూడూ ఓటీటీ కంపెనీ ఇస్తేనే ఒడ్డున పడతాము. సినిమా బాగా ఆడిందని నమ్మితేనే ఆ కంపెనీ సంతకం పెడుతుంది. అందుకని నలభై కోట్ల గ్రాస్ అని పోస్టర్ వేశారు. మన కొట్టుకు ఎదురుగోడ మీద కూడా ఒకటి అతికించారు. అంత పెద్ద నాలుగు, దాని పక్కన బండి చక్రమంత సున్నా. పొద్దున లేచి కొట్టు తలుపు తీస్తే ముందు అదే కనబడుతుంది.

మారయ్య మామ సంగతి నువ్వు ఈసారి అడగలేదు. నేను రాస్తాను.

పాలమూరు వైపు హాళ్లలో మన సినిమా ఆడించుకునే హక్కును అరవై లక్షలకు కొన్నది ఆయనే కదా. ఇప్పటికి సగం కూడా తిరిగి రాలేదు. బుధవారం మన కొట్టుకు వచ్చి కూర్చున్నాడు. బాపు చాయ్ తెప్పిస్తే ముట్టలేదు. అంతటా నలభై కోట్లు వచ్చి తన దగ్గరే రాలేదంటే, మన దిక్కు జనం ఆలస్యంగా కదులుతున్నారేమో అన్నాడు. ఇంకో రెండు వారాలు హాళ్లు చేతిలో ఉంచుకుంటే తన పైసలు తనకు వస్తాయని ఆశ. హాళ్లవాళ్లు కిరాయి ముందే కట్టమన్నారట. అందుకు జడ్చర్ల రోడ్డు మీది గోదామును తాకట్టు పెడుతున్నాడు, సోమవారం కాగితాల మీద సంతకం. ఆ గోదాము కిరాయి మీదనే వాళ్ల ఇల్లు నడుస్తుందని నీకు తెలుసు.

మీ బాపు తల ఎత్తకుండా చీర మడత పెడుతూ ఉన్నాడు. మడిచిన చీరనే మళ్లీ విప్పి మడిచాడు. మారయ్య నా వైపు తిరిగాడు. నలభై నిజమా అని అడుగుతాడనుకున్నాను. ఆయన అట్లా అడగలేదు.

"పోస్టర్ల మాట నేను నమ్మనక్కా. గవి అందరు ఏస్తరు. శనివారం గుట్ట మీద నీ చదివింపు వింట. అది విన్నంకనే నా సంతకం" అన్నాడు.

మొదటి భాగం అప్పుడు, "నా కొడుకు చేతికి వచ్చిన రూపాయికి ఒక పైసా నీది స్వామీ" అని నేను ముడుపు కట్టాను కదా. మూడు కోట్లకు మూడు లక్షలు చెల్లించాము. గుట్ట మీద ఎవరు ఏమిచ్చినా పేరూ సొమ్మూ మైకులో చదవడం ఆనవాయితీ. ఆ రోజు గుడి మైకు దగ్గర కూర్చునే బుచ్చయ్య చదువుతుంటే జనం వేళ్లు మడిచి లెక్క కట్టుకున్నారు. రెండో భాగానికి కూడా అందరి ముందర అదే ముడుపు కట్టాను. నా చదివింపు విన్నవాళ్లకు నీ షేర్ ఎంతో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అప్పుడు నాకు ఇది తట్టనే లేదు.

నీకు తట్టింది. శుక్రవారం సాల్మన్‌తో నాలుగు లక్షలు పంపి, పద్నాలుగు లక్షలని చదివించమని చెప్పించావు. నలభైలో మూడో వంతు అంటే పద్నాలుగు దరిదాపు, లెక్క కుదురుతుంది. మిగతా పది లక్షలు కంపెనీ సంతకం అయ్యాక ఇద్దామన్నావట. నా ముఖం చూసి సాల్మన్ నవ్వించబోయాడు. "మీ దేవుడైనా మా దేవుడైనా పాస్‌బుక్ అడగడమ్మా" అన్నాడు. నేను డబ్బు సంచి తీసి లోపల పెట్టాను. ఒప్పుకున్నాననుకున్నాడు.

నిన్న మెట్లు ఎక్కుతూ స్వామిని రెండు కోరాను. నా నోట అబద్ధం పలికించకు, నా కొడుకును ముంచకు అని. రెండూ ఒకేసారి కోరకూడదని తెలుసు. అయినా కోరాను.

పైన కార్తీక శనివారపు జనం. మారయ్య ధ్వజస్తంభం పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను సంచి పళ్లెంలో పెట్టాను. బుచ్చయ్య మైకు పక్కకు పట్టుకొని, "ఎంతని చదవాలె అండాలక్కా?" అని వంగాడు. అప్పటిదాకా ఏం చెప్పాలో నాకే తెలియదు. నోటికి వచ్చింది "నాలుగు లక్షలు" అనే. వెనుక గంట మోగుతున్నది. నా గొంతు సంగతి నీకు తెలిసిందే. బుచ్చయ్య కూడా పోస్టర్ చూసి తన లెక్క తాను కట్టుకొని ఉంటాడు. మైకు నోటి దగ్గర పెట్టుకొని, "కోస్గి వాస్తవ్యులు బాలయ్య గారి ధర్మపత్ని అండాలు గారు స్వామివారికి పద్నాలుగు లక్షల రూపాయలు చదివించినారు" అని చదివాడు.

జనం గోవిందా అన్నారు. సాల్మన్ ఊపిరి వదిలి మన స్వామికి దండం పెట్టాడు. మారయ్య కండువాతో ముఖమంతా తుడుచుకున్నాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. దవాఖానలో డాక్టర్ బయటికి వచ్చి ఏం భయం లేదని చెబితే మనుషులు అట్లా అవుతారు. ఆయన మెట్ల వైపు తిరిగాడు.

కృష్ణకాంత్, నీకు చెప్పుకోవలసింది ఇది. నేను ఊరుకున్నాను. అబద్ధం నేను ఆడలేదు, బుచ్చయ్య చెవి పొరపాటు అనుకున్నాను. నా రెండు కోరికలూ స్వామి ఒక్క మాటతో తీర్చాడనుకున్నాను. చెయ్యి చాచి తీర్థం కూడా తీసుకున్నాను. అది గొంతు దిగలేదు. స్వామి ఇచ్చిందైతే ఎందుకు దిగదు?

"మారయ్యా" అని పిలిచాను. ఎవరికీ వినపడలేదు. ఆయన మెట్లు దిగుతున్నాడు. బుచ్చయ్య చేతిలోని మైకు నేను గుంజుకున్నాను.

"పద్నాలుగు కాదు, నాలుగు. నా కొడుకు చేతికొచ్చింది నాలుగు కోట్లే. ఖర్చు ఏడైంది. పోస్టర్ మీదిది అబద్ధం. మారయ్యా, గోదాము మీద సంతకం పెట్టకు."

కింద కొబ్బరికాయల అంగళ్ల దాకా వినపడిందట. నాకైతే ఎవరో ఇంకొకామె అరిచినట్టే అనిపించింది.

మారయ్య మెట్టు మీద కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. మెచ్చుకుంటాడని కాదు గానీ, అన్న మాట మాత్రం ఊహించలేదు. "గీ మాట బుధవారమే చెప్తే ఏమయ్యేదక్కా? మూడు రాత్రులు నిద్ర లేదు నాకు" అన్నాడు. కండువా ఒళ్లో పెట్టుకొని, "కిట్టుగాడు నన్ను మామా అని పిలుస్తడు గదా. మామకు గూడ పోస్టరేనా?" అన్నాడు. అడిగింది నిన్ను కదా, ఆ మాట నీకే పంపుతున్నాను.

ఎవరో వీడియో తీశారు. ఈ పొద్దున కంపెనీవాళ్లు సాల్మన్‌కు ఫోన్ చేసి హాలు హాలుకు లెక్క పంపమన్నారు. మూడు కోట్ల మాట ఇక మరచిపోవాలని అతను అంటున్నాడు. ఎంత ఇస్తారో, అసలు ఇస్తారో లేదో తెలియదు. అంటే నిన్ను ముంచకు అని మొక్కిన నేనే నిన్ను ముంచాను. నువ్వు ఏమన్నా పడతాను. రాత్రి మీ బాపు నన్ను ఒక్క మాట అనలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. కొట్టు మీద అప్పు తెద్దామా అని మాత్రం అడిగాడు. నువ్వు వచ్చాక ముగ్గురం కూర్చొని మాట్లాడుకుందామన్నాను. కానీ ఒకటి రాయకుండా ఉండలేను. మళ్లీ ఆ మైకు నా చేతిలో పెట్టినా ఆ మాటే చెబుతాను.

కంపెనీకి ఉన్న లెక్కే పంపు. ఆ తరువాత ఊరికి వచ్చినప్పుడు మన ఇంటికి రాకముందు మామ ఇంటికి పో. ఫోన్ చేయకు, పో. నాలుగు మాటలు అంటాడు, నిలబడి విను.

ఇంకొక సంగతి రాసి ముగిస్తాను. ఈ పొద్దున మీ బాపు నిచ్చెన తీసుకొని ఎదురుగోడ దగ్గరికి పోయాడు. పోస్టర్ చింపేస్తాడనుకున్నాను. చింపలేదు. చీరల మధ్య వచ్చే తెల్ల కాగితాలు రెండు, గిన్నెలో మైదా జిగురు. ఒకటి ఆ సున్నా మీద, ఒకటి గ్రాస్ అనే మాట మీద నీటుగా అతికించి, మోకాలు పట్టుకొని దిగాడు. ఇప్పుడక్కడ 4 కోట్లు అని ఉంది. మ్యాట్నీకి పోయేవాళ్లు ఆగి చూసి నవ్వుతున్నారు. ఈ సినిమాకు జనం నవ్వగా నేను చూడటం ఇది రెండోసారి.

ఇందాక మారయ్య అటుగా వచ్చాడు. ఆయన నవ్వలేదు. మా వైపు చూడను కూడా లేదు. సున్నా మీది కాగితం ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటుంటే, అరచేత్తో అదిమి, అది అంటుకునేదాకా నిలబడి, అప్పుడు పోయాడు.

ఇట్లు,
గొంతు బొంగురుపోయిన మీ అమ్మ,
అండాలు