ఊదుడు వైద్యం

పిడుగురాళ్ల,
12-11-2025.

డాక్టర్ మిస్బా గారికి,

రేచల్ వందనాలతో రాసేది. మీరు, మీ అమ్మగారు కులాసా అనుకుంటాను. ఇక్కడ మేమూ కులాసాయే అని అలవాటుగా రాసి, కొట్టేశాను. పోయిన ఆదివారం మా ఆయన కృపాదానం పోయాడు. మీరు రాలేదని ఏమీ అనుకోలేదు, నేనే కబురు చేయలేదు. ఏడుపు కూడా రాలేదండీ. ఇది ఎప్పుడు ఏడుస్తుందా అని చుట్టాలంతా నా ముఖంలోకి చూస్తున్నారు.

మీ మెసేజి చూశాను. ఊపిరితిత్తుల పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఆపేసిందని, మళ్లీ ఇవ్వాలా వద్దా అని గుంటూరులో పెద్దల మీటింగు పెట్టారని, సున్నపు బట్టీల వాళ్ల తరఫున నేను వచ్చి రెండు మాటలు చెప్పాలని రాశారు. ఫోనులో చెప్పే సంగతులు కావు. అందుకే కాగితం తీసుకున్నాను.

వచ్చి ఏం చెప్పనండీ? మీరు సున్నపు బట్టీల పక్కన గది తీసుకుని, మనుషుల చేత మిషన్‌లో ఊదించి, ఎవరికి ఊపిరి ఎంత ఉందో చూసుకున్నారు. మీరు ఎంత చెప్పినా మా ఆయన తలకెక్కలేదు. ఆ ఊదడమే వైద్యం అనుకున్నాడు. ఒరేయ్, ఊదితే తగ్గుద్దంటరా, పదండి పోదాం అని బట్టీలో అందర్నీ లేపుకొచ్చేవాడు. మీకు జనం దొరికింది అలాగే. గదికి తాళం పడ్డాక ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చుకుని ఇంట్లో ఊదేవాడు. డాక్టరమ్మ వచ్చేలోగా అలవాటు తప్పకూడదు రేచలూ అనేవాడు. అలవాటు తప్పలేదు లెండి.

మట్టి చేసి వచ్చాక మా అరుగు మీద పెద్ద వాదన. మా మరిది శౌరికి మీరంటే ఒళ్లు మంట. ఏంది వదినా ఆ పరిశోధన, ఉన్న కాస్త ఊపిరీ ఆ గొట్టంలోకి ఊదించుకుని పోయారు గదా అన్నాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్ దొరక్క మా అన్న చచ్చిపోయాడు, ఆ డబ్బేదో సిలిండర్లకి పెట్టమను, మా ఊపిరి కొలిస్తే ఎవుడికి లాభం అని కేకలేశాడు.

స్కూల్లో సైన్సు చెప్పే సుధీర్ బాబు గారు ఊరుకోలేదు. ఈ జబ్బు సున్నం దుమ్ము వల్లే వస్తుందని తేలకపోతే ఏ యజమానీ మాస్కు కూడా ఇవ్వడు శౌరీ, బీడీలు తాగి పోయాడని తేల్చేస్తారు అన్నారు. మా అన్న జన్మలో బీడీ ముట్టలేదు సారూ అని శౌరి ఆయన మీదికి లేచాడు. అందుకే గదయ్యా నేను చెప్పేది అన్నారు ఆయన. నేను ఇద్దరికీ టీ ఇచ్చాను.

నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు అనిపించింది. ఆస్పత్రి వాళ్లు మాత్రం గుండె ఆగి పోయాడన్నారు. గుండె ఆగకుండా ఎవరు పోతారండీ?

మీరు చానా మంచివారు. కానీ మీ పరిశోధన మా ఆయనకి పనికిరాలేదు. మీటింగులో ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పలేను. కనుక నన్ను పిలవొద్దు. శౌరిని అసలే పిలవొద్దు, కొట్టినా కొడతాడు. సుధీర్ బాబు గారిని అడిగితే వస్తారు. మీ మీద కోపం లేదు. ఇప్పుడు నాకు దేని మీదా ఏమీ లేదు. అన్నం తింటున్నాను, పనికి పోతున్నాను.

అమ్మగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
రేచల్

తా.క.: ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. నేను వస్తాను. శౌరికి చెప్పకుండా వస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచి నేను ముగ్గు మిల్లులో, ఆ రాతిపిండి దుమ్ములోనే, సంచులు నింపుతున్నాను, మీకు తెలుసా? మా ఆయనతో వచ్చినప్పుడల్లా మీరు నన్ను బయట బెంచీ మీద కూర్చోమనేవారు. ఈ పరిశోధన మగవాళ్లకే అన్నారు. ఈస్టర్ వెళ్లినప్పటి నుంచి నాకూ దగ్గు. సంచి నింపితే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. ఆయనకి చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఊదితే తగ్గదని నాకు తెలుసండీ. అయినా ఆడవాళ్ల చేత కూడా ఊదించమని ఆ పెద్దలను అడుగుతాను. ముందు నేను ఊదుతాను. నా పేరు పక్కన కృపాదానం భార్య అని రాయకండి. ముగ్గు మిల్లు కూలీ అని రాయండి.