ఇయ్యాల మూత్రం పరీక్షకు రావద్దు

డాడీ,

అన్నం వండిపెట్టిన. పప్పు వేడి చేసుకొని తిను. ఇయ్యాల ఎల్బీ నగర్ దవాఖానకు మూత్రం పరీక్షకని రావద్దు. నిన్న మూసారాంబాగ్ పెండ్లిల తాగొచ్చినవ్. నోటి వాసన పోయింది గానీ, వాళ్లు చేసే పరీక్షల తాగిన మందు రెండు మూడు రోజుల దాకా బయటపడ్తది. బిందెడు నీళ్లు తాగినా పోదు. డాక్టరమ్మకు నేనే నిజం చెప్తా. తాగుడు మానితేనే చేస్తమన్న నీ లివర్ ఆపరేషన్ వెనక్కి జరిగితే జరగనీ.

నా లివర్ల ముక్క నీకిస్తానని సంతకం పెట్టిననాడు గూడ ఆడ ఒక్కదాన్నే కూసున్న. అందరి పక్కన ఎవరో ఒకరున్నరు.

జోస్నా

మెట్రో దాకన్న తోడు రమ్మందామని నీ మంచం కాడికి వచ్చిన. నిద్రల్నే "ఏంది బిడ్డా" అన్నవ్. ఏం లేదని చెప్పి తలుపు దగ్గరేసిన.