ఒక్కపొద్దు, మూడు మాత్రలు

జూన్ 3, మంగళవారం
ఎక్స్‌రే బాగుంది. నాకు టీబీ లేదు. అయినా మాత్రలు వేసుకోవాలట, టీబీతో పోయిన అమ్మ పక్కనే చివరిదాకా పడుకున్నాను కాబట్టి. ఆశా వర్కర్ రూతక్క అంతా చెప్పింది. వారానికి ఒక్కసారే, పన్నెండు వారాలు, తిన్న తర్వాతే. ఒక వారం మరిస్తే మరుసటి వారం రెండింతలు మింగొద్దు. ఒంటేలు ఎర్రగా వస్తే భయపడొద్దు. వాంతులైనా, కళ్లు పచ్చబడినా వెంటనే ఫోన్ చెయ్యాలి. బరువు చూసింది. నలభై ఒకటి.
ఏ రోజు పెట్టుకుంటావంది. గురువారం అన్నాను.

జూన్ 5, గురువారం, పొద్దున 7
నాకీ జబ్బు అంటకూడదని అమ్మ మంత్రాలయం స్వామికి పదహారు గురువారాలు ఒక్కపొద్దు మొక్కుకుంది. రాత్రికే భోజనం. నాలుగు వారాలు అయ్యేసరికే చనిపోయింది. పోయే ముందు రోజే నాకీ సంగతి చెప్పింది. మిగిలినవి పన్నెండు. మాత్రలూ పన్నెండు వారాలే. ఆ పన్నెండూ నేనుంటాను.
రూతక్క వచ్చి, తింటివా శిరీషా, అంది. తిన్నానక్కా అని ఆమె ముందే మూడు మాత్రలు, ఒక విటమిన్ మింగాను.
ఈ ఇంట్లో ఆ మాట ఎవరైనా అడిగి నలభై రోజులైంది.

జూన్ 12
తింటివా అంది. తిన్నానన్నాను.

జూన్ 19, మధ్యాహ్నం
బట్టల షాపులో బిల్లు కొడుతుంటే కడుపు తిప్పింది. కళ్లు తిరిగాయి. కాసేపు బాత్రూంలో కూర్చుని వచ్చేసరికి పక్క సీటు మహాదేవి తన క్యారియర్ తీసుకుపోయి అవతలి టేబుల్ మీద పెట్టుకుంది. ఏమైందని అడగనే లేదు. థూ, ఏం మనుషులు.

జూన్ 26
ఈసారి వాంతి. గోడ పట్టుకుని మంచం దాకా వచ్చాను. అమ్మ చివర్లో ఇలాగే గోడ పట్టుకుని నడిచేది. అద్దంలో కళ్లు పదిసార్లు చూసుకున్నాను. పచ్చగా ఉన్నాయా? చూసి చెప్పేవాళ్లెవరు? రూతక్కకు ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏం తిన్నావంటుంది.

జూలై 3, గురువారం
మాత్రలు వద్దన్నాను. లివర్ పోయి చావడం కంటే టీబీయే నయమని అరిచాను. రూతక్క గొంతు పెంచలేదు. మీయమ్మను సూసినాను, నిన్నూ అట్ల సూడల్లనా, నడువు, అంది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా మాత్రలు వద్దన్నారు.

జూలై 5, శనివారం
లివర్ నార్మల్. మాత్రలు ఆపే పని లేదట. ఏం తిని వేసుకుంటున్నావని డాక్టర్ అడిగాడు. రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు, కడుపూ తిప్పుతుంది, అన్నాడు.
బస్టాండులో రూతక్కకు చెప్పేశాను. ఒక్కపొద్దని. నాలుగుసార్లూ అబద్ధమాడానని. ఏమ్మే, నీకు జబ్బు రాకూడదనే గదా మీయమ్మ మొక్కుకునింది, ఆ మొక్కుతోనే మందు సెడగొట్టుకుంటాండావే, అని తిట్టింది. ఒక్కపొద్దు ఇంకో దినం ఉండు, మీ సామి ఏమన్నా అంటే నా పేరు సెప్పు, సర్చికి పోయేదాన్ని నన్నేం సేస్తాడు, అంది. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. అంత జబ్బుతో అమ్మ నాలుగు గురువారాలు నాకోసం పస్తులుంది. అప్పుడు మొక్కు సంగతి తెలీక, ఆకలి లేదేమో అనుకుని నేను షాపుకు పోయాను.
హోటల్లో ఉగ్గాని తినిపించి, అక్కడే మాత్రలు మింగించింది.

జూలై 10, గురువారం
రూతక్క డబ్బాలో జొన్నరొట్టె, పప్పు తెచ్చింది. ఎదురుగా కూర్చుని, ఒకే గిన్నెలో, తనూ తినింది. కడుపు తిప్పలేదు. ఒక్కపొద్దు ఇకనుంచి శనివారాలు.

ఆగస్టు 21
పన్నెండోది. కార్డులో చివరి టిక్కు. బరువు నలభై నాలుగు. ఇంక నాతో పన్లేదులే నీకు, అని నవ్వింది రూతక్క. వెనక వీధిలో కొత్త పేషెంటట. తొందరగా వెళ్లిపోయింది.

ఆగస్టు 28, గురువారం, పొద్దున 7
రూతక్క రాలేదు. రావాల్సిన పనీ లేదు.
తింటివా అని ఎవరూ అడగలేదు.
తిన్నాను.