నర్సరీ పేరుకి వేసిన తాళం

కడియంలో నర్సరీ నడుపుతున్న సూర్యకాంతమ్మ గారి వెబ్‌సైటు పేరుకి మీ కంపెనీ తాళం వేసి కూర్చుంది. ఆ పేరు ఆవిడది. మీ దగ్గర రిజిస్టర్ చేయించారు, అంతే. మీ సర్వర్ పూటకోసారి పడిపోయి, తొలకరి వేళ మొక్కల ఆర్డర్లు పోతున్నాయని వేరే కంపెనీకి మారతానన్నారు. దానికి మీరివ్వాల్సింది ఒక్క ట్రాన్స్‌ఫర్ కోడ్. మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే మీవాడు, "మారితే సైటు పోతుందమ్మా" అని బెదిరించాడు.

"పోతే మా అబ్బాయి మళ్ళీ కడతాడు గానీ, నువ్వు కోడ్ ఇవ్వు నాయనా" అన్నారావిడ.

ఆ అబ్బాయి నేనే, కొడుకుని కాను, ఆవిడ సైటు కట్టినవాణ్ణి. రాజమండ్రి నెట్ సెంటర్లో పనిచేస్తూ, చెడగొట్టీ బాగుచేసీ ఈ పని నేర్చుకున్నాను. నాకు ఈ కబుర్లు చెప్పకండి. పోటీ పడాలంటే సర్వర్ బాగుచేసుకోండి, కస్టమర్ని కట్టేసి ఉంచడం పోటీ కాదు.

కంపెనీ మారడం ఇల్లు మారడం లాంటిదేనని ఆవిడకి చెప్పాను. ఆవిడ వెంటనే పంతులుగారి చేత గురువారం పొద్దున ముహూర్తం పెట్టించారు. మా సెంటర్లో కంప్యూటర్ పక్కన పాలు పొంగించడానికి స్టవ్వూ గిన్నే నిన్ననే దింపారు. "అమ్మా, యూపీఎస్ మీద మాత్రం పెట్టకండి!" అని మా ఓనరు గారు మొత్తుకుంటున్నారు. గురువారం దాటితే మూఢం. అది పోయేదాకా ఆవిడ మారరు, ఈలోగా తొలకరి వ్యాపారమంతా పోతుంది.

కోడ్ రాకపోతే స్టవ్వుతో సహా హైదరాబాదు వచ్చి, మీ ఆఫీసులోనే పొంగిస్తానంటున్నారు. బస్సులో పక్క సీటు నాదే. బుధవారం సాయంత్రం ఐదింటిలోపు కోడ్ ఈ ఫ్యాక్సు వచ్చిన నంబరుకే పంపండి.